పెద్ద స్క్రీన్ కావాలి, భుజం నొప్పి పెట్టకూడదు: రోజువారీ పనికి ఏ ల్యాప్‌టాప్?

మొన్నటిదాకా నేను మోసిన ల్యాప్‌టాప్‌ను ఒకరోజు మా వీధి చివర కిరాణా కొట్లో కాటా మీద పెట్టి తూచాను. 2 కిలోల 240 గ్రాములు చూపించింది. "ఛార్జరు మర్చిపోయారండీ, అదీ పెట్టండి" అన్నాడు కొట్టతను. పెట్టాక 2 కిలోల 780. నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా కలిపితే సంచి ఐదు కిలోలకు దగ్గరపడింది. ఆ సంచి తగిలించుకుని వారానికి మూడు రోజులు అమీర్‌పేటలో మెట్రో మారాను, నాలుగేళ్లపాటు. కుడి భుజం నొప్పికి కారణం కోసం పెద్దగా వెతకాల్సిన పని లేకపోయింది.

చిన్న ల్యాప్‌టాప్ కొనుక్కోమని అందరూ సలహా ఇస్తారు. నా పనికి అది కుదరదు. నేను అనువాదాలు చేస్తాను, ప్రూఫులు చూస్తాను. ఎడమ పక్క మూలం, కుడి పక్క తెలుగు, రెండూ ఒకేసారి కళ్ల ముందు ఉండాలి. 14 అంగుళాల స్క్రీన్ వెడల్పు సుమారు 30 సెంటీమీటర్లు, అంటే ఒక్కో పేజీకి వచ్చేది 15. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు కదా, దాన్ని అంతలోకి కుదిస్తే ఒత్తులు కనబడక ముక్కు స్క్రీన్‌కి ఆనించి చదవాల్సి వస్తుంది. ఎక్సెల్‌లో ఇరవై కాలమ్‌లు చూసేవాళ్లకీ, చత్వారం వచ్చి అక్షరాలు పెద్దవి చేసుకునేవాళ్లకీ, పిల్లలతో కలిసి క్లాసు వినేవాళ్లకీ ఇదే ఇబ్బంది. స్క్రీన్ పెద్దదే కావాలి, బరువు మాత్రం ఒద్దు. ఆ రెండూ కలిసి దొరికేవి ఏవి, వాటి కోసం ఏం వదులుకోవాలి అన్నది నేను కొనేముందు చాలా రోజులు తిరిగి తెలుసుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

## అన్నిటికంటే ముందు: వారంలో ఎన్ని రోజులు గడప దాటుతుంది?

ప్రాసెసర్, ర్యామ్ అన్నీ తర్వాత. ముందు ఇది నిజాయితీగా లెక్కపెట్టుకోండి. కొనేటప్పుడు అందరం "ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు" అనుకుంటాం, కొన్న తర్వాత అది డైనింగ్ టేబుల్ మీదే ఉండిపోతుంది. వారానికి మూడు రోజులో అంతకంటే ఎక్కువో బయటికి వెళ్తుంటే ప్రతి 100 గ్రాములూ మీకు లెక్కే. పండక్కి ఊరెళ్లినప్పుడు మాత్రమే సంచిలోకి ఎక్కుతుందంటే తేలిక కోసం అదనంగా 40, 50 వేలు పెట్టకండి. పెద్ద స్క్రీన్ ల్యాప్‌టాప్‌లో ఖరీదైనది ఆ తేలికే. స్క్రీన్ పెద్దదైతే దాన్ని పట్టి ఉంచే మూత, అడుగు పలక, రెంటినీ కలిపే కీలు అన్నీ పెద్దవవుతాయి, బలం తగ్గకుండా బరువు తగ్గించాలంటే ప్లాస్టిక్ స్థానంలో మెగ్నీషియం మిశ్రమమో అల్యూమినియమో వాడాలి. మీరు అదనంగా పెట్టే డబ్బులో మంచి భాగం వేగానికి కాదు, ఆ లోహానికీ దాని తయారీకీ వెళ్తుంది.

## స్క్రీన్ విషయంలో అంగుళాలు మాత్రమే చూస్తే మోసపోతాం

అంగుళాలంటే మూల నుంచి మూలకు కొలత. 15.6, 16 అని చదివితే తేడా 0.4 అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ పాత తరహా 15.6 స్క్రీన్ ఆకారం (వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి) 16:9, కొత్త 16 అంగుళాలది ఎక్కువగా 16:10. వెడల్పు రెండింటికీ ఇంచుమించు ఒకటే, 34.5 సెంటీమీటర్లు. ఎత్తు మాత్రం 19.4 నుంచి 21.5కి పెరుగుతుంది. ఆ రెండు సెంటీమీటర్లలో వర్డ్ ఫైల్‌లో ఇంకో మూడు నాలుగు వరుసలు పడతాయి, ఎక్సెల్‌లోనూ అంతే. సంచి మాత్రం మార్చక్కర్లేదు. అందుకే ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు 16:9 జోలికి పోకపోవడమే మంచిది, సినిమాలు చూడటమే ప్రధానమైతే తప్ప.

17 అంగుళాల 16:10 స్క్రీన్ 36.6 సెంటీమీటర్ల వెడల్పు, 22.9 ఎత్తు. 16తో పోలిస్తే వైశాల్యం 13 శాతం ఎక్కువ. 14 నుంచి 16కి వెళ్తే 30 శాతం పెరుగుతుంది, అంటే అసలు లాభమంతా ఆ మొదటి మెట్టులోనే ఉంది.

తర్వాత పిక్సెళ్ల సంగతి. ఇంగ్లీషులో పనిచేసేవాళ్లకి 1920×1200 చాలు అని చాలామంది రాస్తారు, వాళ్లకి అది నిజమే కావచ్చు. తెలుగుకి నేను ఒప్పుకోను. మన అక్షరంలో 'ద'కీ 'ధ'కీ తేడా అడుగున చిన్న గీత. 'వాఙ్మయం', 'లక్ష్మి', 'స్త్రీ' లాంటి మాటల్లో అక్షరం కిందా పక్కనా ఒత్తులు వేలాడతాయి. 16 అంగుళాల మీద 1920×1200 అంటే అంగుళానికి 141 పిక్సెళ్లు, 2560×1600 అంటే 189. షాపులో రెండూ పక్కపక్కన పెట్టి ఒకే తెలుగు పేజీ తెరిచి చూశాను. మొదటిదాంట్లో చిన్న సైజులో 'క్ష్మి' కింది ఒత్తు ముద్దయిపోయి కనబడింది, రెండోదాంట్లో కాటుకతో గీసినట్టు విడివిడిగా ఉంది. రోజంతా తెలుగు చదివే పనైతే ఈ ఒక్క తేడా కోసం డబ్బు పెట్టొచ్చు. బిల్లులు కట్టడం, యూట్యూబ్, వాట్సాప్ వెబ్ వరకే అయితే 1920×1200 హాయిగా సరిపోతుంది.

తక్కువ ధరలో వచ్చేవాటిలో ఇంకోటి గమనించాలి. స్క్రీన్ వివరాల్లో రంగుల కొలత దగ్గర '45 శాతం ఎన్టీఎస్సీ' అని రాసి ఉంటే రంగులు పాలిపోయినట్టుంటాయి, ఎర్ర చీర ఇటుక రంగులో కనబడుతుంది. '100 శాతం ఎస్ఆర్‌జీబీ' అని ఉన్నది వెతకండి. వెలుతురు 300 నిట్లు గదిలో చాలు, కిటికీ పక్కన, వరండాలో కూర్చునేవాళ్లు 400కి తగ్గకుండా చూసుకోవాలి.

## బరువు, బ్యాటరీ ఒకదాన్నొకటి లాగుతాయి

బరువు తగ్గించడానికి తయారీదారుకు ఉన్న సులువైన దారి బ్యాటరీ కొయ్యడం. ఏసర్ స్విఫ్ట్ ఎడ్జ్ 16 చూడండి, 1.23 కిలోలే, చేతిలో పట్టుకుంటే అట్టముక్కలా ఉంటుంది, కానీ బ్యాటరీ 54 వాట్-అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత). ఎల్జీ గ్రామ్ 16 కూడా 1.2 కిలోల దగ్గరే, దానిలో బ్యాటరీ సుమారు 80 వాట్-అవర్లు. బరువు ఒకటే, లోపలున్న సరుకు వేరు. కాబట్టి 'తేలిక' అనే మాట వినగానే పక్కన వాట్-అవర్లు ఎన్నో అడగండి.

కంపెనీలు చెప్పే 18 గంటలు, 20 గంటలు ఎక్కువగా వెలుతురు తగ్గించి వీడియో ఆడించి తీసిన లెక్కలు. మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్, వర్డ్ నడిపితే గంటకు 7 నుంచి 10 వాట్-అవర్లు ఖర్చవుతాయని నా అంచనా. ఆ లెక్కన 50 వాట్-అవర్లు ఐదారు గంటలు, 75 పైన అయితే ఎనిమిది గంటలు, ఇంకాస్త. వేసవిలో కరెంటు పోయే ఊళ్లలో ఈ తేడా బాగా తెలిసొస్తుంది.

ఛార్జర్ కూడా బరువులో భాగమే. యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జ్ అయ్యేది తీసుకుంటే ఇటుక లాంటి అడాప్టర్ ఇంట్లో వదిలేసి, 65 వాట్ల చిన్న ఛార్జర్ ఒక్కటి ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ వాడుకోవచ్చు. నా సంచిలో ల్యాప్‌టాప్ తర్వాత ఎక్కువ తేలిక తెచ్చింది ఇదే. పాత ఛార్జర్ అరకిలో పైన తూగేది మరి.

## కీబోర్డు, సాఫ్ట్‌వేర్

పెద్ద ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కుడి పక్కన అంకెల మీటలు ఉంటాయి. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీలో వోచర్లు కొట్టేవాళ్లకి అవి లేకపోతే చెయ్యి విరిగినట్టే ఉంటుంది. కానీ వాటి కోసం అక్షరాల మీటలూ టచ్‌ప్యాడూ ఎడమకి జరుగుతాయి, మీరు స్క్రీన్ మధ్యకి కాకుండా కాస్త ఎడమకి కూర్చుని టైప్ చేస్తారు. రోజుకి ఎనిమిది గంటలు రాసేవాళ్లకి మెడ దగ్గర ఇది తెలుస్తుంది. అంకెల పని ఎక్కువా, అక్షరాల పని ఎక్కువా అన్నది చూసుకోండి.

సాఫ్ట్‌వేర్ దగ్గర మన వాళ్లకి ప్రత్యేకమైన చిక్కులున్నాయి. టాలీప్రైమ్ విండోస్ కోసం చేసినది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసేవాళ్లకి మ్యాక్ దారి మూసుకుపోయినట్టే. టెండర్లకీ, జీఎస్టీకీ వాడే డిజిటల్ సంతకం టోకెన్లు విండోస్ మీద నడిచినంత తేలిగ్గా ఇంకెక్కడా నడవవు. ఇదే కారణంగా 2024 జూన్ నుంచి వస్తున్న స్నాప్‌డ్రాగన్ ఎక్స్ (ఇంటెల్, ఏఎమ్‌డీల కంటే వేరే రకం చిప్) విండోస్ ల్యాప్‌టాప్‌లు కూడా, బ్యాటరీ ఎంత బాగున్నా, మీ పాత ప్రింటర్ డ్రైవరూ టోకెన్ డ్రైవరూ వాటి మీద పనిచేస్తాయని తేలాకే కొనండి. యూనికోడ్ తెలుగుకి మాత్రం ఎక్కడా టెన్షన్ లేదు. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ రెండూ ఉన్నాయి, మ్యాక్‌లో కూడా తెలుగు కీబోర్డు వచ్చే ఉంటుంది. కాకపోతే ఏ అక్షరం ఏ మీటలో ఉందన్నది రెంటిలో అచ్చంగా ఒకలా ఉండదు, చేతులు అలవాటు పడటానికి పదిరోజులు ఇవ్వాలి.

## ఒక చూపులో

| ఎంపిక | స్క్రీన్ | బరువు | బ్యాటరీ (వాట్-అవర్లు) | అంకెల మీటలు | ముఖ్యమైన లోటు |
|---|---|---|---|---|---|
| ఎల్జీ గ్రామ్ 16 | 16 అం., 2560×1600 | సుమారు 1.2 కిలోలు | 80 దగ్గర్లో | ఉన్నాయి | పలుచటి పలక కాస్త వంగుతుంది |
| ఎల్జీ గ్రామ్ 17 | 17 అం., 2560×1600 | సుమారు 1.35 | 80 దగ్గర్లో | ఉన్నాయి | సంచిలో, బస్సులో ఇమడదు |
| మ్యాక్‌బుక్ ఎయిర్ 15 | 15.3 అం., 2880×1864 | 1.51 | 66.5 | లేవు | విండోస్ పనులు కుదరవు |
| ఆసుస్ వివోబుక్ ఎస్ 16 ఓఎల్ఈడీ | 16 అం., 3200×2000 వరకు | 1.5 | 75 | ఉన్నాయి | మెరిసే స్క్రీన్ |
| శామ్‌సంగ్ గెలాక్సీ బుక్4 ప్రో 16 | 16 అం., 2880×1800 | 1.56 | 76 | ఉన్నాయి | ధర, మెరిసే స్క్రీన్ |
| సాధారణ 16 (వివోబుక్ 16, ఐడియాప్యాడ్ స్లిమ్ 5) | 16 అం., ఎక్కువగా 1920×1200 | 1.9 దగ్గర్లో | 42 నుంచి, మోడల్ని బట్టి | ఎక్కువగా ఉంటాయి | బరువు |
| 14 అం. + ఇంట్లో మానిటర్ | 14 + 24 | 1.2 నుంచి 1.4 | 50–75 | మానిటర్ దగ్గర విడిగా | బయట స్క్రీన్ చిన్నదే |

## ఎల్జీ గ్రామ్: బరువే ముఖ్యమైన వాళ్లకి

17 అంగుళాల గ్రామ్ 2019 మొదట్లో వచ్చినప్పుడు దాని బరువు 1.34 కిలోలు. అప్పటికి ఆ సైజు ల్యాప్‌టాప్ అంటే రెండున్నర కిలోలు మామూలే. ఇప్పటికీ ఈ సైజులో ఇంత తేలిక, ఇంత బ్యాటరీ కలిపి ఇచ్చేవి చాలా కొద్ది. శరీరం మెగ్నీషియం మిశ్రమం. చేతిలోకి తీసుకున్నప్పుడు లోపల ఏమీ లేని డెమో డబ్బా ఇచ్చారేమో అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది.

ఆ తేలికకి వదులుకునేది గట్టిదనం. కీబోర్డు మధ్యలో గట్టిగా నొక్కితే కాస్త కిందికి దిగుతుంది, మూత ఒక చేత్తో మూల పట్టి తెరిస్తే మెలి తిరుగుతుంది. పాడైపోతుందని కాదు, అల్యూమినియం దిమ్మలాంటి మ్యాక్‌బుక్ పట్టుకున్న చేతికి ఇది తేలిగ్గా నచ్చదు. స్పీకర్లు కూడా మామూలే. ప్రయాణాల్లో పనిచేసేవాళ్లకి అవి పెద్ద లోటు కాదు, ఇయర్‌ఫోన్స్ ఎలాగూ ఉంటాయి.

16 తీసుకోవాలా, 17 తీసుకోవాలా? 17 కొనేముందు మీ సంచి తీసుకెళ్లండి. దాని వెడల్పు దాదాపు 38 సెంటీమీటర్లు, 15.6 అని రాసి ఉన్న సంచుల్లో చాలావాటిలో జిప్పు మూయడం కష్టం. బస్సులో దాన్ని తెరిస్తే ఏమవుతుందో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నప్పుడు స్నేహితుడి 17 ల్యాప్‌టాప్ మీద చూశాను. ముందు సీటాయన వెనక్కి వాలగానే సీటు అంచు వచ్చి మూత పైభాగాన్ని నొక్కింది. స్క్రీన్ సగానికి వాల్చుకుని సూర్యాపేట దాకా నడిపించాం, అక్కడికి మూసేశాం. ఆఫీసు బల్లకీ ఇంటి బల్లకీ మధ్యే తిరిగేదైతే 17 అద్భుతం, దారిలో కూడా పనిచేయాలంటే 16.

నేను చివరికి 16 తీసుకున్నాను.

## మ్యాక్‌బుక్ ఎయిర్ 15: బరువు ఎక్కువ, బాధ తక్కువ

2023 జూన్‌లో మొదటిసారి వచ్చింది, అప్పటినుంచి చిప్ మారుతూ వస్తోంది గానీ ఆకారం అదే. మందం 11.5 మిల్లీమీటర్లు. 2025 మార్చిలో వచ్చిన ఎం4 మోడల్ మన దగ్గర రూ. 1,24,900కి మొదలైంది, 16 జీబీ మెమరీ, 256 జీబీ స్టోరేజ్‌తో. చదువుకునేవాళ్లకి, ఉపాధ్యాయులకి యాపిల్ ధర తగ్గిస్తుంది, గుర్తింపు కార్డు ఉంటే ఆ ధరే అడగండి.

గ్రామ్ 16 కంటే 300 గ్రాములు బరువు. కానీ ఛార్జర్ చిన్నది, పైగా రోజంతా ఛార్జర్ అవసరం పడని రోజులే ఎక్కువ. ఆ లెక్కలో సంచి బరువు తేడా సగానికి తగ్గుతుంది. స్క్రీన్ 15.3 అంటే చిన్నదనుకోకండి, ఆకారం పొడుగు కావడంతో వైశాల్యం పాత 15.6 కంటే కాస్త ఎక్కువే. తెలుగు అక్షరం దీని మీద అచ్చు పుస్తకంలోలా ఉంటుంది. టైపింగ్ మధ్యలో, టచ్‌ప్యాడ్ మధ్యలో, శబ్దం బాగుంటుంది, కొన్నేళ్ల తర్వాత అమ్మినా మంచి ధర వస్తుంది.

దీనికి ఫ్యాన్ లేదు. అంటే చప్పుడు ఉండదు, దుమ్ము పీల్చదు. అయితే యాపిల్ చెప్పే వాడకపు ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలు, మే నెలలో విజయవాడలో, రామగుండంలో ఏసీ లేని గదిలో ఆ 35 దాటడం రోజూ జరిగేదే. బ్రౌజింగ్, రాత పనికి ఏమీ కాదు. గంటసేపు వీడియో ఎడిట్ చేస్తే మాత్రం వేడెక్కి తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఇంకో మాట, కొన్న తర్వాత మెమరీ గానీ స్టోరేజ్ గానీ పెంచుకునే వీలు లేదు. 256 జీబీ అంటే ఫోన్ ఫొటోలు దించుకునే ఇంట్లో ఏడాదిలో నిండిపోతుంది, బయటి డిస్క్ ఒకటి ఖర్చులో కలుపుకోండి.

ఎక్సెల్ మీద బతికేవాళ్లకి ఒక హెచ్చరిక. మ్యాక్‌లో ఎక్సెల్ ఉంది గానీ పెద్ద పట్టికల్ని కలిపి విశ్లేషించే పవర్ పివట్ లేదు, ఆల్ట్ మీటతో వరసగా కొట్టే షార్ట్‌కట్‌లు అలవాటైన చేతులు అక్కడ ఆగిపోతాయి.

## ఓఎల్ఈడీ జంట: ఆసుస్ వివోబుక్ ఎస్ 16, గెలాక్సీ బుక్4 ప్రో 16

ఓఎల్ఈడీ అంటే ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే స్క్రీన్. ఒకటిన్నర కిలోల్లో 16 అంగుళాల ఓఎల్ఈడీ, 75 వాట్-అవర్ల బ్యాటరీ అంటే కాగితం మీద ఇదే అన్నిటికంటే మధ్యేమార్గం. సినిమా, ఫొటోలు చూస్తే నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, రంగులు కళ్లు చెదిరేలా ఉంటాయి. ఇంట్లో టీవీ బదులు కూడా అదే వాడేవాళ్లకి ఇంతకంటే మంచిది లేదు.

రోజంతా తెల్లటి పేజీ చూసే పనికి నాకు అంత నచ్చలేదు. ఓఎల్ఈడీలో తెల్ల పేజీకి ఎక్కువ కరెంటు కావాలి, బ్యాటరీ చెప్పినదానికంటే ముందే అడుగంటుతుంది. డార్క్ మోడ్ వాడితే సంగతి వేరు. ఈ స్క్రీన్లు అద్దంలా మెరుస్తాయి, వెనక ట్యూబ్‌లైట్ ఉంటే దాని గీత పేజీ మధ్యలో కనబడుతుంది. వెలుతురు తగ్గించినప్పుడు చాలా ఓఎల్ఈడీలు కంటికి తెలియని వేగంతో వెలిగి ఆరుతుంటాయి, కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది. మీకు ఓఎల్ఈడీ ఫోన్ ఉండి, చీకట్లో గంటసేపు చూసినా ఏమీ కాకపోతే భయపడక్కర్లేదు. ఈ రెండిటిలో శామ్‌సంగ్‌కి టచ్ ఉంటుంది, ఆ కంపెనీ ఫోను, ట్యాబ్ వాడేవాళ్లకి కలిసొస్తుంది. మిగతావాళ్లకి ధర చూస్తే ఆసుస్ నయం.

## సాధారణ 16: ఎక్కువమందికి ఇది చాలు

సుమారు 50 నుంచి 75 వేల మధ్య వచ్చేవి. ఆసుస్ వివోబుక్ 16 బరువు 1.88 కిలోలు, లెనోవో ఐడియాప్యాడ్ స్లిమ్ 5 16 అంగుళాలది 1.89. అదే లెనోవోలో ఐడియాప్యాడ్ స్లిమ్ 3 పాత 15.6 ఆకారంలో 1.62 కిలోలకే వస్తుంది, 47 వాట్-అవర్లతో.

మా అక్క గుంటూరులో అకౌంట్లు రాస్తుంది. టాలీ, ఎక్సెల్, నెలాఖర్లో జీఎస్టీ పోర్టల్. నాకు గ్రామ్ వచ్చాక దాన్ని ఎత్తి చూసి తనకీ అదే కావాలంది. నేను వద్దన్నాను. తన ల్యాప్‌టాప్ ఏడాదికి నాలుగుసార్లు ఇల్లు కదులుతుందేమో. తనకి కావలసింది అంకెల మీటలు, విండోస్, 16 జీబీ మెమరీ, మెరవని స్క్రీన్. సాధారణ 16 తీసుకుని, మిగిలిన డబ్బులో మంచి కుర్చీ కొనుక్కుంది. వెన్నునొప్పి తగ్గిందని ఫోన్ చేసినప్పుడల్లా చెబుతుంది.

ఈ ధరలో ప్రాసెసర్ పేరు చివరి అక్షరం చూడండి. ఇంటెల్‌లో 'యు' అంటే తక్కువ కరెంటు తాగేది, రోజువారీ పనికి అది చాలు. 'హెచ్' ఎక్కువ శక్తి గలది, కానీ వేడీ ఫ్యాన్ చప్పుడూ ఎక్కువ, బ్యాటరీ తక్కువ. సేల్స్ అబ్బాయి 'హెచ్' పెద్దదని చెప్పి అటు తోస్తాడు, గేములు ఆడనివాళ్లకి దానితో పని లేదు. మెమరీ 8 జీబీతో సరిపెట్టుకోకండి. ఈ తరగతిలో కొన్నిటికి మెమరీ స్లాట్ ఉంటుంది, కొన్నిటిలో బోర్డు మీదే అతికించేస్తారు. స్లాట్ లేకపోతే మొదటే 16 తీసుకోవాలి.

## 14 అంగుళాలు, ఇంట్లో మానిటర్

ఇది చాలామందికి తట్టని దారి. బయటికి వెళ్లినప్పుడు మెయిల్, మీటింగు మాత్రమే చూసుకుని అసలు పని ఇంటి బల్ల దగ్గర చేసేవాళ్లు పెద్ద ల్యాప్‌టాప్ ఎందుకు మోయాలి? 1.2 కిలోల ఆసుస్ జెన్‌బుక్ 14 ఓఎల్ఈడీ లాంటిదో, 1.24 కిలోల మ్యాక్‌బుక్ ఎయిర్ 13 లాంటిదో తీసుకుని ఇంట్లో 24 అంగుళాల ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం) మానిటర్ పెట్టుకుంటే 17 అంగుళాల ల్యాప్‌టాప్ కూడా దాని ముందు చిన్నదే. మానిటర్ ఎనిమిది నుంచి పన్నెండు వేలలో వస్తుంది, కళ్ల ఎత్తులో ఉంటుంది, మెడ వంగదు. నాకు ఇది ఎందుకు కుదరలేదంటే నేను వెళ్లే చోట కూడా రెండు పేజీలు పక్కపక్కన కావాలి. ఊరికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల ఇంట్లో వారం రోజులు పనిచేస్తాను, అక్కడ మానిటర్ లేదు. మీకు అలాంటి రెండో చోటు లేకపోతే మొదట దీన్నే ఆలోచించండి.

## ఎవరికి ఏది

రోజూ మెట్రోలో, లోకల్ రైల్లో వెళ్తూ విండోస్ కావాలంటే గ్రామ్ 16. బడ్జెట్ అందకపోతే దాని పాత ఏడాది మోడల్ తగ్గింపులో చూడండి, రోజువారీ పనికి ఒక ఏడాది పాత ప్రాసెసర్ తేడా తెలియదు.

డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలకి తొందరపడి మ్యాక్ కొనివ్వకండి, కాలేజీ ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో అడిగాక కొనండి. మెకానికల్, సివిల్ వాళ్ల సాఫ్ట్‌వేర్లలో చాలావరకు విండోస్‌వే. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లే పిల్లలు మాత్రం ఏది కొన్నా వారంటీ అక్కడ చెల్లుతుందా అని అడగాలి. అంతర్జాతీయ వారంటీ కంపెనీని బట్టి, మోడల్ని బట్టి మారుతుంది. విమానంలో 100 వాట్-అవర్ల లోపు బ్యాటరీకి విడిగా అనుమతి అక్కర్లేదు, ఇక్కడ చెప్పినవన్నీ ఆ లోపే.

అమ్మానాన్నలకైతే సాధారణ 16, మెరవని స్క్రీన్, అక్షరాల సైజు 150 శాతం పెట్టి ఇవ్వండి. తేలిక వాళ్లకి రెండో విషయం, మా నాన్నకైతే మీట మీది అక్షరం కనబడటమే మొదటిది. బూడిద రంగు మీటల మీద తెల్ల అక్షరాలు ఉన్న కీబోర్డులు ఆయనకి పగటిపూట అసలు కనబడవు. నల్ల మీటలున్నది తీసుకోండి.

రోజంతా రాసేవాళ్లు, అంకెలతో పని లేనివాళ్లు, పాత విండోస్ సాఫ్ట్‌వేర్‌కి కట్టుబడి లేనివాళ్లు మ్యాక్‌బుక్ ఎయిర్ 15 తీసుకుంటే మళ్లీ ఐదారేళ్లు ల్యాప్‌టాప్ గురించి ఆలోచించక్కర్లేదు.

## షాపులో

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లినా, మీ ఊళ్లో షోరూమ్‌కి వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొనే ఉద్దేశంతో ఊరికే చూడటానికి వెళ్లినా, పది నిమిషాలు ఇవి చేయండి. మీరు రోజూ చదివే తెలుగు పేజీ తెరిచి అక్షరాలు చిన్నవి చేసి చూడండి. మూత 45 డిగ్రీలు తెరిచి బల్లని తట్టండి, స్క్రీన్ ఎంతసేపు ఊగుతుందో కనబడుతుంది. రెండు చేతులతో కాదు, ఒక చేత్తో పట్టుకుని నిమిషం నిలబడండి. యూఎస్‌బీ-సీ రంధ్రంతో ఛార్జ్ అవుతుందో లేదో అడగటం కాదు, పెట్టి చూపించమనండి.

సర్వీసు గురించి కూడా అక్కడే తేల్చుకోవాలి. నా పాత ల్యాప్‌టాప్ మూత కీలు మూడో ఏడు విరిగింది, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కీలు ఒక్కటే మార్చరట, మూత మొత్తం మార్చాలన్నారు, ఆ భాగం రావడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. పలుచటి పెద్ద స్క్రీన్లలో కీలు మీద పడే భారం ఎక్కువ, అందుకే ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ ఉందా, మనమే మోసుకెళ్లాలా అన్నది నంద్యాల, ఆదిలాబాద్ లాంటి ఊళ్లలో ఉండేవాళ్లు తప్పకుండా అడగాలి. ఒకటి రెండు వేలతో అదనపు వారంటీ వస్తుంటే సంచీ మౌసూ ఉచితంగా అడగడం మాని అదే అడగండి.

డబ్బా విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. తెల్ల పేజీ, నల్ల పేజీ, ఎర్ర పేజీ ఒక్కొక్కటి స్క్రీన్ నిండా పెట్టి చచ్చిన పిక్సెల్ ఉందేమో వెతకండి, 16 అంగుళాల్లో ఒక మూలన ఉన్న చుక్క మొదటి రోజు కనబడదు, పదో రోజు కనబడుతుంది, అప్పటికి మార్చే గడువు అయిపోయి ఉంటుంది. బిల్లు మీది సీరియల్ నంబరు, డబ్బా మీది నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు మూడూ కలిశాకే ఆ డబ్బా సంచిలో పెట్టుకుని షాపు దాటండి.